మస్తానన్న శుక్రవారం పేజీ

నెల్లూరులో మా ఆఫీసు కింద ఒక టైర్ల దుకాణం ఉంది. నిన్న దాని షట్టరు మీద ఒక పెద్దాయన కుంచెతో పేరు రాస్తున్నాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఇలా చేత్తో బోర్డు రాసేవాళ్ళు కనబడటమే అరుదు. ఎనామిల్ రంగూ టర్పెంటైనూ కలిసిన వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చింది. నాతో పనిచేసే ఇద్దరూ ముక్కులు మూసుకుని కిటికీ వేయబోతే వద్దన్నాను. ఆ వాసన వస్తే నాకు బిట్రగుంటలో ఒక ఇంటి ముందుగది గుర్తుకొస్తుంది. రెండు కంప్యూటర్లు, గోడవారగా రంగు ఎండిపోయిన డబ్బాలు, వాటి మధ్య ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలతో మస్తానన్న. నాకు వెబ్‌సైట్ల పని నేర్పింది ఆయనే. ఈ పనిలో ఉన్నవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు కొద్దిమంది, ఆయన్ను కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే రాస్తున్నాను.

మస్తానన్న వాళ్ళ నాన్న బోర్డులు రాసేవాడు. బియ్యం మిల్లులు, కిరాణా కొట్లు, లారీల వెనక పలకలు, అన్నీ. మస్తానన్న కూడా ఇరవై ఏళ్ళు అదే పని చేశాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక ఆయన తోటివాళ్ళు కొందరు ఆటోలు కొన్నారు, కొందరు గల్ఫుకు పోయారు. ఈయన ఒక పాత కంప్యూటరు కొన్నాడు. నలభై దాటిన మనిషి, ఇంగ్లీషు అంతంతమాత్రం, పక్కన నిఘంటువు పెట్టుకుని వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకున్నాడు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారట. "కుంచె పోతే పోయింది, అక్షరం యాడికీ పోలేదు గదా" అని ఆయన సమాధానం. నేను ఆయన్ను ఎరిగేనాటికి బుచ్చిరెడ్డిపాలెం మిల్లులకూ కావలి స్కూళ్ళకూ వెబ్‌సైట్లు చేసిపెడుతూ రైల్వే కాలనీ పక్క వీధిలో స్థిరపడి ఉన్నాడు. ఆయన భార్య జరీనా వదిన లోపలి గదిలో జాకెట్లు కుట్టేది. ముందుగదిలో కీబోర్డు చప్పుడు, లోపల మిషను చప్పుడు. రెండిట్లో ఏది ముందు ఆగితే వాళ్ళు టీ పెట్టాలని ఆ ఇంట్లో ఒక ఒప్పందం.

ఆయనకు సొంత వెబ్‌సైటు ఒకటి ఉండేది. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, ఒక్క బొమ్మ లేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి భోంచేశాక అందులో మూడు విషయాలు తెలుగులో రాసేవాడు. మొదటిది కోడ్ రాసేవాళ్ళకు ఒక చిట్కా. రెండోది సొంతంగా చేసుకుంటున్న పనులు ఎంతవరకు వచ్చాయన్న కబురు. మూడోది ఆ వారం తాను చేసిన తప్పు. చిట్కాలు చాలా సాదాగా ఉండేవి. "పేరు పెట్టడానికి బద్ధకించవద్దు. మీరు పెట్టిన పేరు ఏడాది తర్వాత మీకే అర్థం కాకపోతే ఇంకొకరికి ఎలా అవుతుంది?" అని ఒక వారం. "ఇంకొకరి కోడ్ చూసి నవ్వవద్దు. ఆ రోజు వాళ్ళకు ఏం తొందర ఉందో మీకు తెలియదు" అని ఇంకో వారం. సొంత పనుల్లో ఒకటి, మా నెల్లూరువాళ్ళు స్థలాలను కొలుచుకునే అంకణాలను గజాల్లోకి మార్చే లెక్క. అది పూర్తయింది. ఇంకొకటి, వాళ్ళ నాన్న చేతిరాతను పాత బోర్డుల మీంచి ఫోటోలు తీసి కంప్యూటరు అక్షరాలుగా మార్చడం. అది పూర్తి కాలేదు. "ఈ వారం కూడా 'క్ష' దగ్గరే ఉన్నాను" అని ఏడాదిలో నాలుగైదుసార్లయినా రాసి ఉంటాడు.

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే కుటుంబం. ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగం రాక, ఇంట్లో కూర్చుని నాకు నేనే వెబ్ పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక చిక్కు గురించి వెతుకుతుంటే ఆయన పేజీ కనబడింది. వెంటనే ఆయనకు మెయిల్ రాశాను. నా ఫారం పనిచేయడం లేదు, సాయం చేయండి అని. మర్నాడు జవాబు వచ్చింది. "ఏం కావాలో రాశారు, ఏం చేశారో రాయలేదు. డాక్టరు దగ్గరికి పోయి నొప్పి అని చెప్పి, ఎక్కడో చెప్పకుండా వచ్చేస్తారా?" నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ కోపంలోనే నేను చేసినదంతా వరసగా రాయడం మొదలుపెట్టాను. ఏడో వాక్యం దగ్గర తప్పు నాకే కనిపించింది. ఆ సంగతి రాస్తే, "అదే చిట్కా" అని రెండు మాటలు పంపాడు. నెల తిరక్కుండా ప్యాసింజరు బండి ఎక్కి బిట్రగుంటలో దిగాను, ఏమైనా పని ఉందేమో అడగడానికి. సార్ అని పిలిస్తే, "సార్ అనబాక. నేను బడి పంతుల్ని కాదు. అన్నా అను, చాలు" అన్నాడు. ఆయన దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను.

ఆయన దగ్గర ఒక వింత పద్ధతి ఉండేది. పేజీ తయారైన రోజు బాగుంది అనేవాడు కాదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఫోను తీసుకుని వీధిలోకి నడిపించేవాడు. ఎదురింటి గోడ మీద ఫోను నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఎండలో చదవమనేవాడు. మొదటిసారి నేను నవ్వాను. "బోర్డు రాసినరోజు బాగానే ఉంటాదమ్మా" అన్నాడు. "తడిగా ఉన్నప్పుడు అన్ని రంగులూ మెరుస్తాయి. రెండోరోజు ఎండలో, రోడ్డుకి అవతల నిలబడి చూడాల. ఏ అక్షరం వంకరపోయిందో అప్పుడు తెలుస్తాది." వీధిలో పోయేవాళ్ళు మమ్మల్ని వింతగా చూసేవారు. కొన్నాళ్ళకు వాళ్ళూ అలవాటుపడ్డారు, నేనూ అలవాటుపడ్డాను. అలవాటు పడటమంటే సగం మర్చిపోవడమే అని తర్వాత తెలిసింది.

బిట్రగుంటకు తూర్పున సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం ఒకటి ఉంది. అక్కడివాళ్ళ కోసం మస్తానన్న సొంతంగా ఒక పేజీ చేయాలనుకున్నాడు. గాలి ఎలా ఉంది, అల ఎంత ఎత్తు, వేటకు పోవచ్చా పోకూడదా అన్నది పెద్ద అక్షరాలతో తెలుగులో చూపించాలి. వాతావరణ శాఖ ప్రకటించేదాన్నే తీసుకుని, చదవడానికి తేలికగా మార్చి పెట్టడం. పని నాకు అప్పగించాడు. పాళెంలో సిగ్నల్ సరిగా అందదు. అందుకని పేజీ నకలు ఫోన్లోనే దాచి, సిగ్నల్ లేనప్పుడు ఆ నకలు చూపించేలా చేశాను. పోవచ్చంటే ఆకుపచ్చ, పోకూడదంటే ఎరుపు. తేదీ వేయమని ఆయన అన్నాడు గానీ, 'ఈ రోజు' అని రాస్తే ఇంకా దగ్గరగా ఉంటుందని నేను పట్టుబట్టాను. శనివారం పాళెం పోయి అందరి ఫోన్లలో పెట్టి వచ్చాం. సోమవారం ఆయన అడిగాడు, "రెండోరోజు చూసినావా?" చూశానన్నాను. చూసిన మాట నిజమే. నా ఫోన్లో చూశాను. మా పనిలో ఉన్నవాళ్ళం ఫోన్లో దాగిన పాత నకళ్ళను రోజుకు పదిసార్లు తుడిచేస్తుంటాం, లేకపోతే చేసిన మార్పు కనబడదు. అందువల్ల నాకు ఎప్పుడు చూసినా కొత్త పేజీయే వచ్చేది. పాళెంలో ఎవరు తుడుస్తారు?

తప్పు చిన్నది. కొత్త కబురు వచ్చిందేమో అడగమని ఫోనుకు గుర్తుచేసే చిన్న ఫైలు ఒకటుంటుంది. దాచాల్సిన ఫైళ్ళ జాబితాలో దాన్ని కూడా చేర్చేశాను. దాంతో చాలా ఫోన్లు కొత్తది అడగడమే మానేశాయి. ఆది, సోమవారాలు సముద్రం ప్రశాంతంగా ఉంది. ఆ రెండు రోజులూ పేజీ శనివారం కబురే చెప్పిందని ఎవరూ గమనించలేదు. మంగళవారానికి హెచ్చరిక వచ్చింది, పేజీ మాత్రం 'ఈ రోజు వేటకు పోవచ్చు' అని పచ్చగా చూపించింది. తెల్లవారకముందే బయల్దేరేవాళ్ళు కొందరు ఊరి మైకులో హెచ్చరిక చెప్పేదాకా ఆగకుండా ఫోను చూసుకుని మూడు పడవలు దించారు. మధ్యాహ్నానికి రెండు వచ్చాయి. మూడోది పోలయ్యదీ వాళ్ళ తమ్ముడిదీ. అది రాలేదు.

కబురు తెలిసి మేము పోయేసరికి ఒడ్డున జనం ఉన్నారు. గాలికి ఇసుక ముఖాన కొడుతోంది. పోలయ్య భార్య అంకమ్మ మమ్మల్ని చూసి లేచి వచ్చింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఫోను నా ముందు పెట్టింది. "ఈడ పచ్చగా ఉండాది. పోవచ్చని రాసుండాది" అంది. "మరి ఆయన యాడమ్మా?" మస్తానన్న ఫోను చేతిలోకి తీసుకుని చూసి, ఆమెకు తిరిగిచ్చి, "మాదే తప్పమ్మా" అన్నాడు. చెప్పడానికి ఉన్నది కూడా అంతే. సాయంత్రం వరకు అక్కడే నిలబడ్డాం. మర్నాడు పొద్దున, ఇంజనులో నీళ్ళు చేరి పడవ దక్షిణానికి కొట్టుకుపోయిందనీ, అక్కడి ఒడ్డునున్న వాళ్ళు లాగి అన్నదమ్ములిద్దరినీ బయటపడేశారనీ ఫోను వచ్చింది. వల సముద్రంలో పోయింది. ఆ కబురు విన్నాక నేను ముందుగదిలో నేల మీద కూర్చుండిపోయాను. జరీనా వదిన నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.

ఫైలు సరిచేయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అంతటితో అయిపోతుందని అనుకున్నాను. కానీ కొత్తది అడగడం మానేసిన ఫోనుకు, మనం సరిచేశామని ఎలా తెలుస్తుంది? ప్రతి ఫోనూ చేతిలోకి తీసుకుని పాత నకలు తుడవాల్సిందే. "పదమ్మా" అన్నాడు మస్తానన్న. పాళెంలో ఇంటింటికీ తిరగడానికి మూడు రోజులు పట్టింది. ప్రతి ఇంటి ముందూ ఆయన ఒకటే మాట చెప్పేవాడు. "తప్పు మాది. మీ ఫోన్లో మేం పెట్టిన పేజీ పాత కబురు చెప్తా ఉండాది. దాన్ని తీసేసేదానికి వచ్చినాం." నేను వెనక నిలబడి, ఇచ్చిన ఫోను తుడిచి తిరిగిచ్చేదాన్ని. నాలుగో ఇంటి దగ్గర ఆయన పక్కకు జరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాడు. సర్వరులో చిన్న సమస్య వచ్చిందండీ అన్నాను. బయటికి వచ్చాక ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "సర్వరు ఏం చేసింది మా, పాపం? మనం చెప్పిందే చేసింది" అన్నాడు. అయిదో ఇంట్లో సరిగ్గా చెప్పాను. ఆ ఇంటాయన విని, మీ పేజీ మాకొద్దు, మొత్తం తీసేయమన్నాడు. తీసేశాను. ఇంకో ఇంట్లో ఒక ముసలామె, "తప్పు చేసినామని చెప్పేదానికి ఇంత ఎండలో వచ్చినారా? కూర్చోండి, మజ్జిగ తాగండి" అంది. పేజీ వద్దన్నాయన మాటకంటే ఈ మజ్జిగ మింగడం నాకు కష్టమైంది. పోలయ్య ఇంట్లో పోలయ్యే ఫోను ఇచ్చాడు. తుడిచి, కొత్త పేజీ పెట్టమంటారా అని అడిగాను. ఆయన అంకమ్మ వైపు చూశాడు. "తేదీ ఏసి పెట్టు" అంది ఆమె. ఆ తర్వాత ఆ పేజీలో తేదీ, కబురు వచ్చి ఎన్ని గంటలైందీ, పూట దాటితే 'ఇది పాత కబురు, దీన్ని నమ్మవద్దు' అన్న మాటా పెట్టాం.

ఆ శుక్రవారం ఆయన ఏం రాస్తాడా అని నేను బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. నా పేరు రాస్తే ఇంకెక్కడా పని దొరకదని భయం. ఒక పక్క రాయాలనీ అనిపించింది, అబద్ధం ఎందుకు. ఆయన రాసింది ఇది. "ఈ వారం నా తప్పు. రెండో రోజు చూడాలని అందరికీ చెప్పే నేను, చూశారా అని అడిగి ఊరుకున్నాను. అడగడం చూడటం కాదు. దీనివల్ల ఇద్దరు మనుషుల ప్రాణం మీదికి వచ్చింది." నా పేరు లేదు. ఎందుకు రాయలేదని అడిగాను. "నీ తప్పు నువ్వు రాసుకోవాల. నేను రాస్తే అది చాడీ అవుతాది" అన్నాడు. నేను రాయలేదు. అవకాశం చూసి రాద్దాంలే అనుకుంటూ నెల్లూరు వచ్చి సొంతంగా పని పెట్టుకున్నాను. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పోయిన ఏడాది ఒక సోమవారం గుండెపోటుతో మస్తానన్న పోయాడు. వెబ్‌సైటు పాస్‌వర్డూ, ఆయన మెయిల్ పాస్‌వర్డూ నా దగ్గర కూడా ఉండేవి. ఆ శుక్రవారం పేజీ ఖాళీగా ఉండటం చూడలేక, నా దగ్గరున్న ఆయన పాత నోటుపుస్తకంలోంచి ఒక చిట్కా తీసి పెట్టాను. తర్వాతి వారం ఇంకొకటి. మధ్యలో ఆయన్ను సందేహాలు అడుగుతూ మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. ఆయన పోయాడని ఒక్కొక్కరికీ చెప్పే ధైర్యం లేక, సందేహానికి మాత్రం జవాబు రాసి, కింద పేరు లేకుండా పంపేదాన్ని. నోటుపుస్తకంలో పనికొచ్చేవి అయిపోయాక చిట్కాలు కూడా నేనే రాయడం మొదలుపెట్టాను, ఆయన వాక్యం ఎలా నడుస్తుందో నాకు తెలుసు కాబట్టి. అంత బాగా రాయగలుగుతున్నందుకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఇలా తొమ్మిది శుక్రవారాలు గడిచాయి.

జరీనా వదినను చూడటానికి బిట్రగుంట పోయాను. ముందుగది తలుపు వేసి ఉంది. ఆమె మిషను మీంచి లేవకుండా, సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. "శుక్రవారం శుక్రవారం పేజీ చదవతా ఉండా. ఆయన రాసిందని మొదట్లో అనుకున్నా, ముందే రాసిపెట్టి పోయినాడేమోనని. ఇప్పుడు రాసేది నువ్వే గదా?"

"ఎట్ట తెలిసింది వదినా?" అన్నాను.

"పెళ్ళయినకాడి నుంచి చూస్తా ఉండా, తప్పు చేయని వారం లేదు ఆ మనిషికి. ఆ పేజీలో తప్పు కనబడి రెండు నెలలయింది." దారం ఎక్కాక తలెత్తి నా వంక చూసింది. "ఆయన ఇంకా ఉండాడనుకుని రాస్తా ఉండారంట గదా జనం. పాళెంలో ఇంటింటికీ తిరిగొచ్చినదానివి, నేను చెప్పాల్నా నీకు?"

ఆమె గొంతులో కోపం లేదు. టీ పెట్టడానికి లేచి వెళ్ళింది. నాకు మాత్రం అంకమ్మ నా ముందు పెట్టిన ఫోను కళ్ళకు కట్టింది. పోయిన రోజు పేజీని ఈ రోజు పేజీ అని చూపిస్తూ నేను మళ్ళీ అదే పని చేస్తున్నాను. మొదటిసారి తెలియక చేశాను, ఈసారి తెలిసి చేశాను. తేడా అంతే. వదిన ముందు ఏడవలేదు గానీ, తిరుగు బండిలో కావలసినంత ఏడ్చాను.

ఆ శుక్రవారం రాశాను. మస్తానన్న ఏ రోజు పోయాడో రాశాను. ఆ తర్వాతి తొమ్మిది వారాలూ ఆయన మాటల్లా కనిపించేలా పెట్టింది నేనని రాశాను. పాళెం పేజీలో ఆ ఫైలు తప్పుగా చేర్చిందీ, చూశానని చెప్పిందీ కూడా నేనేనని రాసి, కింద నా పేరు పెట్టాను. జవాబులు పంపినవాళ్ళందరికీ విడివిడిగా మెయిల్ రాశాను. కొందరు నొచ్చుకున్నారు, ఒకాయన ఇది మోసమని రాశాడు. నేను కాదనలేదు. నాయుడుపేటలో బడి టీచరు ఒకావిడ, తమ బడికి సొంతంగా వెబ్‌సైటు చేసుకుంటున్నామె, మెయిల్ చూసి ఫోను చేసింది. ఒక్కటే అడిగింది. "అయితే అక్కా, నాకు వచ్చిన జవాబుల్లో ఆయనవి ఏవి, మీవి ఏవి?"

తీసి చూశాను. మొత్తం పదకొండు. మొదటి నాలుగూ ఆయనవి, తక్కిన ఏడూ నావి. ఏది ఏ తేదీదో చదివి చెప్పాను. ఆమె రాసుకుంది. నావి ఏడూ మళ్ళీ ఒకసారి సరిచూసుకోండి అన్నాను.

"చూశాను అక్కా, ఎప్పుడో. ఆరు పనిచేసినాయి" అంది. "ఒకటి చేయలేదు. ఆయన చెప్పినారు కదా, తప్పయి ఉండదు, నాకే అర్థం కాలేదేమోనని రెండు వారాలు దాంతోనే కూర్చున్నాను."

అది ఏదో అడిగి తెలుసుకుని, నా దగ్గర చేసి చూశాను. నా జవాబే తప్పు. సరైనది ఆమెకు పంపి, తర్వాతి శుక్రవారం ఆ తప్పును పేజీలో రాశాను. ఇప్పటికీ ప్రతి శుక్రవారం భోజనమయ్యాక ఆ పేజీ తెరుస్తాను. చిట్కా తోచని వారాలు కొన్ని ఉంటాయి. తప్పు దొరకని వారం మాత్రం ఇంతవరకు రాలేదు.